రక్తంలో ఆమ్లం పెరిగితే థైరాయిడ్ రిపోర్టు తప్పుతుందా?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, చదివేవాళ్ళకు తేలికవుతుంది. మీ అమ్మగారికి 58 ఏళ్ళు, ఊరు కవిటి దగ్గర. కిడ్నీ జబ్బు నాలుగో దశలో ఉంది, క్రియాటినిన్ 3.4. డయాలసిస్ ఇంకా మొదలవ్వలేదు. రక్తంలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ 15 వచ్చింది, అది మామూలుగా 22కి తగ్గకూడదు. నీరసం ఎక్కువగా ఉందని థైరాయిడ్ కూడా చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోను) 8.2, ఫ్రీ టీ4 0.9, ఫ్రీ టీ3 1.7 వచ్చాయి. టీ4, టీ3 అనేవి థైరాయిడ్ హార్మోన్లు. టీ4 అంచు మీద ఉంది, టీ3 తక్కువ, టీఎస్‌హెచ్ ఎక్కువ. కిడ్నీ డాక్టరుగారు సోడా (సోడియం బైకార్బొనేట్) మాత్రలు రాసి, థైరాయిడ్ మాత్ర ఇప్పుడే వద్దు, రెండు నెలలాగి మళ్ళీ చూద్దామన్నారు. ఈలోగా మీ బంధువులెవరో ఒక వీడియో పంపారు. రక్తం ఆమ్లంగా ఉంటే థైరాయిడ్ హార్మోను ప్రోటీన్లకు అతుక్కోదట, కాబట్టి టెస్టులన్నీ తప్పట, ఆల్కలైన్ నీళ్ళు తాగితే రెండూ సర్దుకుంటాయట. ఎవరి మాట వినాలి అని మీ ప్రశ్న.

డాక్టరుగారి మాట వినండి. వీడియోలో మొదటి ముక్కలో కొంత నిజం ఉంది, రెండో ముక్క తప్పు, మూడోది వ్యాపారం. నేను మందులు రాసే మనిషిని కాను, ఆసుపత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగం చూస్తాను. ఇలాంటి రిపోర్టుల మీద వార్డు నుంచి ఫోన్లు రావడం మాకు మామూలే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

రక్తంలో ఉన్న టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లను పట్టుకునే తిరుగుతుంది. ప్రోటీన్ల పట్టు లేకుండా విడిగా ఉండేది నూటికి 0.02 నుంచి 0.03 వంతు మాత్రమే. టీ3లో విడిగా ఉండేది దానికి ఓ పదింతలు, అంటే నూటికి 0.3 దాకా. ఒంట్లో కణాల మీద పనిచేసేది ఈ విడి భాగమే. రిపోర్టులో ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 అని వేసేది దీన్నే. టోటల్ టీ4 అంటే గోదాములో ఉన్న బస్తాల లెక్క, ఫ్రీ టీ4 అంటే కొట్టు ముందు తూకానికి పోసిన గింజల లెక్క. గోదాములో సరుకు తగ్గినా కొట్టు ముందు గింజలు సరిపడా ఉంటే కొనేవాడికి తేడా తెలియదు.

హార్మోనును పట్టుకునే ప్రోటీన్లు ముఖ్యంగా మూడు. థైరాక్సిన్ బైండింగ్ గ్లోబ్యులిన్, క్లుప్తంగా టీబీజీ, పరిమాణంలో చాలా తక్కువే గానీ దాని పట్టు చాలా గట్టిది. టీ4లో నాలుగింట మూడు వంతులు దాని దగ్గరే ఉంటుంది. మిగిలినది ట్రాన్స్‌థైరెటిన్, ఆల్బుమిన్ పంచుకుంటాయి. ఆల్బుమిన్ రక్తంలో బోలెడంత ఉంటుంది, పట్టు మాత్రం బలహీనం.

ఇప్పుడు ఆమ్లం సంగతి. టీ4 అణువుకు ఒక చివర హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. దానికి రెండు పక్కలా అయోడిన్ పరమాణువులు కూర్చుని ఉంటాయి కాబట్టి అది ప్రోటాన్‌ను సులువుగా వదిలేస్తుంది. పీహెచ్ అంటే ఆమ్లం ఎంతో చెప్పే అంకె, అది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు. పీహెచ్ 6.7 దగ్గర సగం టీ4 అణువులు ప్రోటాన్ వదిలేసి ఋణావేశంతో ఉంటాయి. మామూలు రక్తం పీహెచ్ 7.4 దగ్గర అయితే నూటికి 83 అణువులు అలా ఉంటాయి. టీ3కి ఆ చివర ఒక్క అయోడినే ఉంది. అందుకే దానికి ఈ సగం స్థానం 8.5 దగ్గరికి పోతుంది, రక్తంలో ఎక్కువ భాగం ఆవేశం లేకుండానే ఉంటుంది. టీబీజీ టీ3 కంటే టీ4ను గట్టిగా పట్టుకోవడానికి ఇదొక కారణం. రక్తం ఆమ్లం వైపు జరిగేకొద్దీ ఆవేశం ఉన్న టీ4 తగ్గుతుంది, ప్రోటీన్ల మీదున్న కొన్ని గుంపుల ఆవేశం కూడా మారుతుంది, పట్టు కొంచెం సడలుతుంది. వీడియోలో ఉన్న నిజం ఇంతవరకే.

ఎంత సడలుతుంది అన్నదే అసలు ప్రశ్న. దాన్ని మీ అమ్మగారి అంకెలతోనే చూద్దాం. బైకార్బొనేట్ 15 అనగానే రక్తమంతా ఆమ్లమైపోయిందని భయపడతాం. నిజానికి ఒళ్ళు ఊరుకోదు. ఊపిరి కొంచెం వేగంగా తీసి కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపేస్తుంది. ఊపిరితిత్తులు బాగున్న మనిషిలో బైకార్బొనేట్ 15 ఉంటే కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 నుంచి 30, 31కి దిగుతుంది. ఆ రెండూ పెట్టి లెక్కగడితే పీహెచ్ 7.31 దగ్గర వస్తుంది. ఆ పీహెచ్ దగ్గర ఆవేశం ఉన్న టీ4 అణువులు నూటికి 80. మామూలుగా 83. తేడా మూడు. ఈ మూడుతో పట్టు ఊడిపోయి రిపోర్టు తలకిందులవడం జరిగే పని కాదు. షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లమయ్యే కీటోఅసిడోసిస్‌తో ఐసీయూలో చేరి పీహెచ్ 7.1కి పడిపోయిన వాళ్ళలో కూడా ఇది నూటికి 71 దగ్గర ఉంటుంది. ఇంటర్నెట్లో తిరిగే పీహెచ్ 4 ప్రయోగాల బొమ్మలు చూసి బెంబేలు పడకండి. అక్కడ టీబీజీ నిజంగానే పాడైపోతుంది, కానీ ఆ పీహెచ్ దగ్గర మనిషి ఉండడు.

పైగా పట్టు కొంచెం సడలినా ఒంట్లో దానికి సర్దుబాటు ఉంది. విడిపడ్డ కాస్త హార్మోను రక్తంలోనే పోగుపడి కూర్చోదు. కణజాలాల్లోకి సర్దుకుంటుంది, కాలేయం కొంత ఖర్చు చేస్తుంది, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి తన టీఎస్‌హెచ్‌ను దానికి తగ్గట్టు కదుపుతుంది. రోజులు, వారాలు నిలకడగా ఉన్న అసిడోసిస్‌లో (రక్తంలో ఆమ్లం పెరగడం) ఈ ఒక్క కారణం వల్ల తేడా కనబడితే టోటల్ టీ4లో కనబడాలి, అదీ కిందికి. ఫ్రీ టీ4 మళ్ళీ తన స్థానానికి వచ్చేస్తుంది. గర్భిణుల్లో దీనికి తిరగబడిన కథ చూస్తాం. ఈస్ట్రోజెన్ వల్ల టీబీజీ పెరిగి టోటల్ టీ4 ఒకటిన్నర రెట్లు అవుతుంది, అయినా వాళ్ళకు హైపర్‌థైరాయిడ్ ఉండదు.

ఇక రెండో ముక్క, టెస్టు తప్పు అన్నది. మీ అమ్మగారి రక్తం పీహెచ్ ఎంతైనా, మా మిషను దాన్ని చూడనే చూడదు.

రక్తం తీసి ఎర్ర మూతో పసుపు మూతో ఉన్న గొట్టంలో పోస్తారు. అరగంట గడ్డ కట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. పైన తేలిన సీరాన్ని తీసి, మూత లేకుండా ర్యాక్‌లో పెట్టి మిషనులోకి పంపుతారు. మూత తీసిన క్షణం నుంచి సీరంలోని కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతూనే ఉంటుంది. అది పోయేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది, చూస్తుండగానే 7.4 దాటి 8 వైపు నడుస్తుంది. అంటే ఒంట్లో 7.31 ఉన్న మనిషి సీరం కూడా గొట్టంలో క్షారం వైపే ఉంటుంది. ఆ తర్వాత మిషను అందులోంచి ఒక చిన్న చుక్క పీల్చి, కంపెనీవాళ్ళు ఇచ్చిన బఫర్ ద్రావణంలో కలుపుతుంది. ఆ బఫర్ పీహెచ్ కట్టుదిట్టంగా ఒకేచోట నిలబెట్టి ఉంటుంది. యాంటీబాడీకి, ప్రోటీన్లకు, హార్మోనుకు మధ్య పోటీ అంతా ఆ బఫర్‌లోనే జరుగుతుంది. ఆమ్లం ఉన్న రక్తమైనా, లేని రక్తమైనా అక్కడ ఒకే పీహెచ్‌లో ఉంటుంది.

దీన్ని ఇంకో వైపు నుంచి చూస్తే మాత్రం ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. మా రిపోర్టులో ఫ్రీ టీ4 అంటే మీ అమ్మగారి రక్తనాళంలో ఈ క్షణాన ఉన్న విడి హార్మోను అని అర్థం కాదు. ఆమె సీరాన్ని ప్రామాణిక పీహెచ్‌లో పెడితే ఎంత విడిగా ఉంటుందో దానికి ఒక అంచనా అది. అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఈక్విలిబ్రియం డయాలసిస్ అనేది. సన్నటి పొర గుండా విడి హార్మోనును వడకట్టి మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలుస్తారు. అక్కడ కూడా పీహెచ్ 7.4, వేడి 37 డిగ్రీలు అని గీత గీసి పెట్టారు. ఆ రెండూ కదిలితే ఫ్రీ టీ4 కదులుతుంది కాబట్టే ఆ నియమం. కాబట్టి పీహెచ్ ప్రభావం శాస్త్రవేత్తలకు తెలియని రహస్యమేమీ కాదు. తెలుసు గనకే దాన్ని టెస్టులోంచి తీసేశారు.

బఫర్ ఎంత పని చేస్తుందో చెప్పడానికి పాత కథ ఒకటి. టీబీజీ ఉందని 1952లో తేలింది. అప్పట్లో సీరాన్ని కాగితం మీద విద్యుత్తుతో నడిపించి ప్రోటీన్లు విడదీసేవారు, అందరూ బార్బిటాల్ బఫరే వాడేవారు. 1958లో సిడ్నీ ఇంగ్‌బార్ అనే థైరాయిడ్ శాస్త్రవేత్త వేరే బఫర్ వాడి చూస్తే టీ4ను పట్టుకునే ఇంకో ప్రోటీను స్పష్టంగా బయటపడింది. ఇవాళ మనం ట్రాన్స్‌థైరెటిన్ అంటున్నది అదే. అన్నేళ్ళూ అది అక్కడే ఉంది, బార్బిటాల్ దాని పట్టును విడగొట్టడం వల్ల కనబడలేదు. తర్వాత టోటల్ టీ4 టెస్టులు చేసేవాళ్ళు ఆ గుణాన్నే తమ పనికి వాడుకున్నారు, ట్రాన్స్‌థైరెటిన్ నుంచి హార్మోనును ఊడగొట్టడానికి.

అయితే కిడ్నీ రోగుల థైరాయిడ్ రిపోర్టులు ఎప్పుడూ తప్పవని నేననడం లేదు. తప్పే దారులు ఉన్నాయి, అవి ఆమ్లానికి సంబంధం లేనివి. కిడ్నీ పనిచేయక రక్తంలో నిలిచిపోయే వ్యర్థాల్లో కొన్ని ప్రోటీన్ల మీద హార్మోను కూర్చునే చోట తామే కూర్చుంటాయి. మూత్రంలో ప్రోటీను ఎక్కువగా పోయేవాళ్ళలో టీబీజీ కూడా దానితోపాటు పోయి టోటల్ టీ4 తగ్గుతుంది. ఆల్బుమిన్ బాగా తక్కువగా ఉన్నవాళ్ళలో కొన్ని మిషన్ల ఫ్రీ టీ4 ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ పెద్ద మోతాదులో ఇస్తే టీ4ను ప్రోటీన్ల మీంచి నెట్టేస్తుంది. రోజూ వేసుకునే చిన్న మాత్రతో ఆ భయం లేదు.

అన్నిటికంటే మోసం చేసేది హెపారిన్, డయాలసిస్‌లో రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మందు. ఇది ఇంకా డయాలసిస్‌కు రాని మీ అమ్మగారికి ఇప్పుడు వర్తించదు గానీ, రేపు మొదలైతే గుర్తుంచుకోండి. హెపారిన్ ఇవ్వగానే రక్తనాళాల గోడల మీదున్న ఒక ఎంజైము రక్తంలోకి విడుదలవుతుంది. అది గొట్టంలో కూడా కొవ్వును ముక్కలు చేస్తూనే ఉంటుంది. పుట్టిన కొవ్వు ఆమ్లాలు టీ4ను ప్రోటీన్ల మీంచి దించేస్తాయి. ఒంట్లో లేని ఫ్రీ టీ4 గొట్టంలో తయారవుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, ఆల్బుమిన్ తక్కువ ఉన్నవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. తమాషా ఏమిటంటే, గంటల తరబడి నానబెట్టే ఈక్విలిబ్రియం డయాలసిస్‌లోనే ఈ తప్పు బాగా పెరుగుతుంది. అందుకని డయాలసిస్ రోజున థైరాయిడ్ రక్తం ఇవ్వాలంటే సూది పెట్టగానే, హెపారిన్ ఎక్కించకముందే తీయమనండి.

జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అడుగుతున్నానంటే కారణం ఉంది. చాలా మిషన్ల టెస్టుల్లో బయోటిన్‌నే జిగురుగా వాడతారు. 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర వేసుకున్నవాళ్ళ రక్తంలో టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ, ఫ్రీ టీ4 తప్పుగా ఎక్కువ వస్తాయి. మామూలు మనిషికి రెండు మూడు రోజులు ఆపితే చాలు. కిడ్నీ సరిగా పనిచేయకపోతే అది బయటికి పోవడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మీ అమ్మగారికి టీఎస్‌హెచ్ పెరిగి వచ్చింది కాబట్టి ఈ రిపోర్టును బయోటిన్ సృష్టించలేదు. కానీ ఆమె అది వాడుతుంటే అసలు టీఎస్‌హెచ్ 8.2 కంటే ఇంకా ఎక్కువ ఉండొచ్చు.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు ఆ 8.2, 1.7 అంకెలు నిజమే. మరి డాక్టరుగారు మాత్ర ఎందుకు వద్దన్నారు? మీ ప్రశ్నలో నాకు ముఖ్యమనిపించింది ఇదే.

ఆమ్లం ఎక్కువైతే థైరాయిడ్ వ్యవస్థ నిజంగానే నెమ్మదిస్తుంది. టెస్టులో కాదు, ఒంట్లోనే. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లకు అమ్మోనియం క్లోరైడ్ ఇచ్చి కొన్ని రోజులపాటు రక్తంలో ఆమ్లం పెంచి చూశారు. థైరాయిడ్ జబ్బు ఏమాత్రం లేని వాళ్ళలోనే ఫ్రీ హార్మోన్లు తగ్గాయి, టీఎస్‌హెచ్ కొంచెం పెరిగింది. మీ అమ్మగారి రిపోర్టు పోలిక మీకు కనబడుతోందా? డయాలసిస్ రోగుల్లో ఆమ్లాన్ని సరిచేస్తే ఫ్రీ టీ3 మళ్ళీ పెరగడం కూడా చూశారు. పట్టు సడలడం ఒక్కటే జరిగి ఉంటే ఫ్రీ హార్మోను పెరగాలి గానీ తగ్గకూడదు. వీడియో చెప్పిన సిద్ధాంతానికి ఇది ఎదురుగా నిలబడుతుంది.

దీనికి తోడు కిడ్నీ జబ్బు భారం ఒకటుంది. ఒళ్ళు పెద్ద జబ్బుతో ఉన్నప్పుడు టీ4ను టీ3గా మార్చే ఎంజైము పని మందగిస్తుంది, టీ4ను పనికిరాని రివర్స్ టీ3గా మార్చే దారి తెరుచుకుంటుంది. గుండెపోటులో, సెప్సిస్‌లో, తిండి లేక చిక్కిపోయినవాళ్ళలో, కీటోఅసిడోసిస్‌లో ఇదే జరుగుతుంది. ముందు పడిపోయేది టీ3. జబ్బు ముదిరితే టీ4 కూడా. కోలుకునే రోజుల్లో టీఎస్‌హెచ్ తాత్కాలికంగా పైకి లేస్తుంది, ఒక్కోసారి 20 దాకా. ఐసీయూలో పడుకున్న మనిషికి థైరాయిడ్ గట్టిగా అనుమానం ఉంటే తప్ప ఆ టెస్టులు పంపొద్దని మేం వార్డువాళ్ళను బతిమాలేది అందుకే. రిపోర్టు వచ్చాక దాన్ని పక్కన పెట్టే ధైర్యం అందరికీ ఉండదు.

కాబట్టి మీ అమ్మగారి అంకెలకు మూడు అర్థాలు ఉండొచ్చు. ఆమ్లం వల్ల, కిడ్నీ జబ్బు వల్ల వ్యవస్థ నెమ్మదించడం ఒకటి. నిజంగానే హాషిమోటో (ఒంటి రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌ను దెబ్బతీయడం) లాంటి థైరాయిడ్ జబ్బు మొదలవడం రెండోది, ఈ వయసు ఆడవాళ్ళలో అది అరుదేమీ కాదు. రెండూ కలిసి ఉండటం మూడోది. ఇవాళ్టి అంకెలు చూసి వీటిని విడదీయలేం. బైకార్బొనేట్‌ను సరిచేసి ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత అదే ల్యాబ్‌లో మళ్ళీ చూస్తే సగం చిక్కు విడిపోతుంది. ఈలోగా ఆ జబ్బులో కనబడే యాంటీ టీపీఓ యాంటీబాడీల టెస్టు చేయించడంలో తప్పు లేదు, వాటి మీద ఆమ్లం ప్రభావం గురించి ఆలోచించక్కర్లేదు. అవి గట్టిగా పాజిటివ్ వచ్చినా, మెడ దగ్గర గ్రంథి వాచినట్టున్నా రెండో అర్థం వైపు మొగ్గొచ్చు. టీఎస్‌హెచ్ మళ్ళీ చూసినప్పుడు కూడా 10 దాటి ఉంటే సాధారణంగా మందు మొదలుపెడతారు. 20 దాటితే ఎంత జబ్బులో ఉన్న మనిషిలోనైనా అది థైరాయిడే అనుకోవాలి.

రెండు నెలలు ఆగితే నష్టమా అని మీకు భయం ఉండొచ్చు. 8.2 టీఎస్‌హెచ్‌తో రెండు నెలలకు నష్టం లేదు. అవసరం లేని మాత్ర మొదలుపెడితే గుండె దడ, లయ తప్పడం, ఎముకలు పలచబడటం ఉంటాయి. కిడ్నీ రోగి గుండె ముందే అలసి ఉంటుంది. అలాగని దీన్ని పూర్తిగా వదిలేయకూడదు కూడా. నిజంగా హైపోథైరాయిడ్ ఉంటే అదే కిడ్నీ వడపోతను తగ్గించి క్రియాటినిన్‌ను పెంచుతుంది, మందు పడితే ఆ మేరకు క్రియాటినిన్ దిగుతుంది కూడా.

ఆ బైకార్బొనేట్ 15 గురించి ఒక చిన్న అనుమానం తీర్చుకోండి. ఇందాక మూత తీస్తే కార్బన్ డయాక్సైడ్ పోతుందన్నాను కదా. థైరాయిడ్ టెస్టుకు దానివల్ల నష్టం లేదు గానీ బైకార్బొనేట్ టెస్టుకు ఉంది. గొట్టం సగమే నింపినా, మూత తీసి ఉంచినా, గంటలు గడిచినా ఆ అంకె ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. మీ వైపు కలెక్షన్ సెంటర్లో పొద్దున తీసిన రక్తం విశాఖ చేరి మిషను ఎక్కేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. క్రియాటినిన్ 3.4 ఉన్న మనిషికి బైకార్బొనేట్ తగ్గడం సహజమే, నేను దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ 15 అసలు 17 అయి ఉండొచ్చు. తర్వాతిసారి కిడ్నీ ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అక్కడే రక్తం ఇచ్చి చేయించండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఉంది గనకే పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ప్రతి టెస్టుకూ గొట్టం విశాఖ దాకా వెళ్ళాల్సిన పని లేదేమో కనుక్కోండి.

ఇప్పుడు ఆల్కలైన్ నీళ్ళు. ఇక్కడ నాకు కాస్త కోపం వస్తుంది, క్షమించండి. పీహెచ్ 9 ఉన్న లీటరు నీళ్ళలో ఆ పీహెచ్ వల్ల ఉండే క్షారం 0.01 మిల్లీమోల్. 500 మిల్లీగ్రాముల సోడియం బైకార్బొనేట్ మాత్ర ఒక్కదానిలో 6 మిల్లీమోల్స్ ఉంటుంది. అంటే మీ డాక్టరుగారు రాసిన ఒక్క మాత్రకు సమానం కావాలంటే ఆ నీళ్ళు 600 లీటర్లు తాగాలి. మన ఒళ్ళు రోజుకు కిలో బరువుకు దాదాపు ఒక మిల్లీమోల్ చొప్పున ఆమ్లం తయారుచేస్తుంది, 50 కిలోల మనిషికి 50. కిడ్నీ చేయలేకపోతున్న పని అదే. పొట్టలోకి పోగానే అక్కడి ఆమ్లం ఆ నీళ్ళను ఒక్క గుటకలో మామూలు చేసేస్తుంది. ఆ నీళ్ళు తయారుచేసే మిషను ఖరీదు విన్నాను, ఆ డబ్బుతో ఏళ్ళకు సరిపడా సోడా మాత్రలు వస్తాయి.

నిమ్మకాయ నీళ్ళు, పళ్ళ రసాలు, కొబ్బరి నీళ్ళు కూడా క్షారమేనని చెప్తారు. పళ్ళు, కూరలు ఆమ్లాన్ని తగ్గించే మాట నిజమే, కిడ్నీ వైద్యంలో దాన్ని వాడతారు కూడా. కానీ వాటితోపాటు పొటాషియం వస్తుంది. నాలుగో దశలో పొటాషియం పెరిగితే గుండె ఆగిపోగలదు. కొబ్బరి తోటల మధ్య ఉన్న మీ ఊళ్ళో కొబ్బరి నీళ్ళు వద్దనడం కష్టమే, అయినా డాక్టరుగారిని అడక్కుండా ఇవ్వకండి. సోడా మాత్రల్లోనూ సోడియం ఉంది, ఒక్కో మాత్రలో 137 మిల్లీగ్రాములు. కాళ్ళ వాపు, బీపీ గమనిస్తూ ఉండాలి. ఉప్పు తగ్గించమన్నారు గదా అని సోడా మాత్రలు మానేసేవాళ్ళూ ఉన్నారు, ఆ పని చేయకండి. బైకార్బొనేట్ 18 కంటే కిందికి పోనివ్వకూడదని ఇప్పటి అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నాయి, మీ అమ్మగారు ఆ గీతకు కింద ఉన్నారు.

పక్కదారి పట్టినా ఒక మాట. ఆమ్లం, థైరాయిడ్ రెండూ ఒకే వేరు నుంచి వచ్చే సందర్భం కూడా ఉంది. వయసులో ఉన్న ఆడవాళ్ళకు క్రియాటినిన్ పెద్దగా పెరగకుండానే బైకార్బొనేట్ తక్కువ, పొటాషియం తక్కువ, కళ్ళూ నోరూ పొడారిపోవడం, పక్కన హాషిమోటో ఉంటే డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్ అనుమానించాలి. ఒంటి రోగనిరోధక వ్యవస్థే అటు థైరాయిడ్‌నూ ఇటు కిడ్నీ గొట్టాలనూ దెబ్బతీస్తుంది. మీ అమ్మగారి క్రియాటినిన్ చూస్తే ఆ కథ కాదనిపిస్తోంది, కానీ ఇది చదివే వేరేవాళ్ళకు పనికిరావచ్చు.

రెండు నెలల తర్వాత కూడా టీఎస్‌హెచ్ ఎక్కువే ఉండి థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టారనుకోండి. అప్పుడు మీరు పట్టించుకోవాల్సింది రక్తంలో ఆమ్లాన్ని కాదు, పొట్టలో ఆమ్లాన్ని. థైరాక్సిన్ మాత్ర కరిగి ఒంటికి పట్టాలంటే పొట్టలో ఆమ్లం కావాలి. గ్యాస్‌కని రోజూ పాంటాప్రజోల్ వేసుకునేవాళ్ళలో అదే మోతాదు మాత్రతో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. కిడ్నీ రోగుల మందుల డబ్బాలో పాంటాప్రజోల్ లేకపోవడం అరుదు. అవసరం లేకుండా ఏళ్ళ తరబడి నడుస్తుంటే డాక్టరుగారిని అడిగి ఆపించండి. కాల్షియం, ఐరన్, ఫాస్ఫేట్ తగ్గించే మాత్రలు థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. సోడా మాత్ర కూడా పొట్టలో ఆమ్లాన్ని చంపేదే, దాన్నీ థైరాక్సిన్‌తో కలిపి మింగించకండి. తెల్లవారి లేవగానే మంచినీళ్ళతో థైరాక్సిన్ ఒక్కటే, గంట తర్వాత టిఫిను, సోడా మాత్ర టిఫిను తర్వాత, కాల్షియం మాత్ర, ఫాస్ఫేట్ తగ్గించే మాత్ర మధ్యాహ్నం భోజనంతో అన్న పద్ధతి చాలామందికి కుదురుతుంది. పొద్దున కుదరకపోతే రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత వేసుకున్నా సరే, రోజూ ఒకే వేళకు వేసుకుంటే చాలు.

మళ్ళీ రక్తం ఇచ్చే రోజున కూడా టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, బైకార్బొనేట్ మూడూ ఒకే రోజు తీసిన రక్తంతో చేసేలా చూడండి, పొద్దున పూటే ఇవ్వండి. టీఎస్‌హెచ్ రోజులో వేళను బట్టి మారుతుంది, రాత్రి ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. ఈ మధ్యలో జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేరినా, అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందు ఎక్కించి స్కాన్ తీసినా, పుండుకు అయోడిన్ కట్లు కట్టినా ఆ టెస్టును ఇంకొన్ని వారాలు వెనక్కి జరపండి. కిడ్నీ పనిచేయనివాళ్ళలో ఆ అయోడిన్ త్వరగా పోదు, అది కూడా టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. కొత్త రిపోర్టు వచ్చాక అంకెలు, ఆ రోజు బైకార్బొనేట్, ఆమె వాడుతున్న మందుల పేర్లన్నీ కలిపి రాయండి, చూసి చెబుతాను.